ఆల్సాస్ మీద నవల రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. నీ వాక్యం బావుంది. కానీ ఫ్రాన్స్, జర్మనీల సరిహద్దులోని నీ ఆల్సాస్‌లో అందరూ ఫ్రాన్స్ కోసమే ఏడుస్తున్నారు. సీబీఎస్ఈ ఇంగ్లీషు పుస్తకంలో చదువుకున్న ‘ది లాస్ట్ లెసన్’, జర్మన్ల రాకతో ఫ్రెంచి పాఠం ఆగిపోయే ఆ బడి కథ, నిన్నింకా వదల్లేదనిపించింది. అది గొప్ప కథే. అయితే 1871లో ఫ్రాన్స్ నుంచి జర్మనీ కలుపుకున్న ఆ పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట్లాడుకునేది జర్మన్ యాసే. ఫ్రెంచి ఎక్కువగా పక్కనున్న లోరెయిన్‌లోని మెట్జ్ వైపు, డబ్బున్న కుటుంబాల్లో. మాట జర్మన్ యాసలో, మనసు ఫ్రాన్స్ మీద ఉన్న మనుషులు వాళ్ళు. వాళ్ళను నువ్వింకా పట్టుకోలేదు.

ఫ్రెంచి పౌరులుగా ఉండాలంటే 1872 అక్టోబర్ 1లోగా ఊరు వదలాలన్నారు. ఆ గడువును ఒక్క వాక్యంలో దాటేశావు. పొలం వదిలి పోవాలా, ఉండిపోయి కొడుకును జర్మన్ సైన్యానికి ఇవ్వాలా? ఆ ఇంట్లో జరిగిన గొడవ అంతా రాయి.

తర్వాతి తరం వేరు. జర్మన్ బడి, స్ట్రాస్‌బర్గ్‌లో కొత్త విశ్వవిద్యాలయం, కార్మికులకు ఆరోగ్య బీమా... ఇవన్నీ వాళ్ళ బతుకులో భాగం. చాలామంది అడిగింది మిగతా జర్మన్ రాష్ట్రాలతో సమాన హోదా. 1911లో చట్టసభ ఇచ్చారు, పెత్తనం మాత్రం చక్రవర్తి దగ్గరే ఉంచుకున్నారు.

అందుకే 1913లో జాబెర్న్ అనే ఆల్సాస్ ఊళ్ళో జరిగిన గొడవ నీకు ముఖ్యం. ఫోర్స్‌ట్నర్ అనే కుర్ర జర్మన్ లెఫ్టినెంట్ స్థానికులను అవమానించే మాటతో తిట్టాడు. జనం వీధుల్లోకి వచ్చారు. సైనికులు దారినపోయేవాళ్ళను కూడా పట్టుకుని రాత్రంతా నేలమాళిగలో పెట్టారు. కొన్నాళ్ళకే ఆ లెఫ్టినెంట్ చెప్పులు కుట్టే ఒక కుంటి కార్మికుణ్ణి కత్తితో కొట్టాడు. బెర్లిన్ పార్లమెంటు 293-54 ఓట్లతో ఛాన్సలర్ బెత్మాన్ హోల్‌వెగ్‌ను తప్పుపట్టింది. ఆయన పదవికి ఏమీ కాలేదు, ఎందుకంటే ఆయన జవాబు చెప్పుకోవాల్సింది చక్రవర్తికే. లెఫ్టినెంట్ పైకోర్టులో బయటపడ్డాడు. జర్మనీలో సర్దుకుపోదామనుకున్నవాళ్ళకు కూడా తమ స్థానమేమిటో అప్పుడు తెలిసింది. ఈ అధ్యాయానికి ఎన్ని పేజీలైనా తీసుకో.

1918లో, మొదటి ప్రపంచ యుద్ధం చివర, ఆల్సాస్‌లోకి వచ్చిన ఫ్రెంచి సైన్యానికి పూలు చల్లడంతో నవల ముగిస్తానన్నావు. వద్దు. ఆ వెంటనే ఫ్రెంచి ప్రభుత్వం పుట్టుకను బట్టి జనానికి ఎ, బి, సి, డి కార్డులిచ్చింది. నీ నాయిక పెళ్ళాడింది బెర్లిన్ నుంచి వచ్చిన గుమాస్తాను కదా. స్థానికురాలైన ఆమెకు ఎ, జర్మనీవాడైన అతనికి డి, ఇద్దరికీ పుట్టిన బిడ్డకు బి. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళను వేల సంఖ్యలో రైన్ నది అవతలికి పంపేశారు. అతన్నీ పంపేస్తే ఆమె ఎటు వెళ్తుంది? అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు