తాతగారి ఇంజన్ షెడ్డులో దొరికిన ఈ మూడు వింత పానాలు దేనికి వాడేవి?

మీరు చెప్పిన మూడూ ఇవి: కొక్కెం పానా, "1/2 డబ్ల్యూ" ముద్ర ఉన్న పానా, ఐదు పలకల బెజ్జం ఉన్న పానా. మూడింట్లో కొక్కెం పానా సంగతి తేలిక, ముందు అది చెప్పేస్తాను. అరచందమామలా వంగి కొసన పన్ను ఉందన్నారు కదా, అది పలకలు లేని గుండ్రటి నట్టుకండి. నట్టు అంచున గాడులుంటాయి, పన్ను వాటిలో పడుతుంది. రైసు మిల్లు షాఫ్టు మీద బేరింగుని బిగించి ఉంచే నట్టు అలాంటిదే. సైకిల్ షాపులో బీబీ రింగు, అంటే పెడళ్ళ ఇరుసు దగ్గర బిగించే రింగు, విప్పేదీ ఈ జాతే.

"1/2 డబ్ల్యూ" అని ముద్ర ఉన్నదానితో మాత్రం నాకు పాత పగ ఉంది. మాది మండపేట దగ్గర పల్లెటూరు. నాన్నగారికి పాత లిస్టర్ ఆయిల్ ఇంజన్ ఉండేది. నాకు పదహారేళ్ళప్పుడు, సరిగ్గా ఊడ్పుల రోజుల్లో, ఆయన ఊళ్ళో లేనప్పుడు దాని నట్టొకటి లూజైంది. కొత్త మిల్లీమీటర్ల సెట్టు తీశాను. 23 పట్టలేదు. 24 పట్టింది గానీ కాస్త వదులు. ఆ మాత్రానికేం అని బలంగా లాగాను. జర్రున జారి నట్టు మూలలు అరిగిపోయాయి, నా వేలి కణుపులు ఇంజన్‌కి గీరుకుపోయాయి. మర్నాడు నాన్నగారు గోనెసంచిలోంచి మీ దగ్గరున్నలాంటిదే తీసి, "దీనిమీద రాసింది నట్టు కొలత కాదురా, బోల్టుది" అన్నారు.

డబ్ల్యూ అంటే విట్‌వర్త్. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ప్రతిపాదించిన బోల్టు మరచుట్ల కొలతల పద్ధతి. పానా మీది అంకె బోల్టు కాడ మందం, పానా నోటి వెడల్పు కాదు. అర అంగుళం, అంటే మన నాలుగు నూళ్ళ బోల్టుకి నట్టు పలక నుంచి ఎదుటి పలకకి 0.920 అంగుళం, సుమారు 23.4 మిల్లీమీటర్లు. నా 23, 24 రెండూ ఎందుకు కుదరలేదో చూశారా! మీరు అర అంగుళం వెడల్పు నట్టుకి పెట్టి చూస్తే వదులవడమూ అందుకే.

ఇక ఐదు పలకల బెజ్జం ఉన్న మూడో పానా. ఆరు పలకల నట్టుకి పలక ఎదురుగా పలకే ఉంటుంది, కనుక ఏ స్క్రూ రెంచి దవడలైనా పట్టేస్తాయి. ఐదు పలకలైతే పలక ఎదురుగా మూల వస్తుంది, దవడలు జారిపోతాయి. అలా చేసింది కావాలనే. అమెరికాలో మంటలార్పడానికి వీధుల్లో పెట్టే హైడ్రెంట్ల మీద ఎక్కువగా ఈ ఐదు పలకల నట్లే ఉంటాయి, దారినపోయేవాడు నీళ్ళు విప్పకుండా. మీ తాతగారు కాకినాడ రేవులో పాత ఇనుము కొనేవారన్నారు కాబట్టి నా ఓటు దానికే. బెజ్జంలో బంకమట్టి ముద్ద నొక్కి తీసి, పలక నుంచి ఎదుటి మూలకి కొలవండి. అంగుళంన్నర దగ్గరికొస్తే హైడ్రెంటుదే. పిడి చివర గొట్టాల జాయింట్లు తిప్పే కొక్కెం కూడా ఉంటే ఇక అనుమానమే లేదు.

మన కాలవల మీదా ఇదే యుక్తి. కాలవ నీళ్ళు చూసే లస్కరు షట్టరు ఎత్తాక హ్యాండిల్ ఊడదీసి చంకలో పెట్టుకుపోతాడు. కాకపోతే మా కాలవ షట్టరు కడ్డీకి పలకలు నాలుగే, రాత్రిపూట పైపు రెంచితో తిప్పేసిన వాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. పేర్లు వద్దులెండి.

తుప్పు పోవడానికి గ్రైండరు పట్టకండి, ముద్రలు పోతాయి. రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్షుతో రుద్దండి. ఆరాక సుద్దముక్క రాసి పైపైన తుడిస్తే అక్షరాలు తెల్లగా తేలతాయి. అప్పుడు ఫోటో పెట్టండి.