థర్మోస్టాట్ తీసేశాక నల్లని పొగ

ప్రశ్న: మాది పదేళ్ల నాటి పెట్రోలు కారు. పోయిన వేసవిలో ఇంజన్ బాగా వేడెక్కుతుంటే, మన ఎండలకు అక్కర్లేదంటూ మెకానిక్ థర్మోస్టాట్ తీసేశారు. ఆ తరువాత లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 10కి పడిపోయింది. నల్లని పొగ, పెట్రోలు వాసన వస్తున్నాయి. గుంటూరు వెళ్లేటప్పుడు టెంపరేచరు ముల్లు పావు వంతు కూడా దాటడం లేదు. ప్లగ్గులు రెండుసార్లు మార్చాము. ఇప్పుడు ఆక్సిజన్ సెన్సరు మార్చమంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇప్పుడే మార్చవద్దు. పొగ గొట్టంలో ఆక్సిజన్ తక్కువగా ఉన్నదని, అంటే పెట్రోలు ఎక్కువ పడుతున్నదని, ఆ సెన్సరు చెబుతున్నదంటే, అది ఉన్న మాటే చెబుతూ ఉండవచ్చు. అసలు కారణాన్ని మీ ప్రశ్నలోని ముల్లే చూపిస్తున్నది.

పెట్రోలు సరిగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు కంప్యూటరు కావాలనే పెట్రోలు ఎక్కువ పంపుతుంది. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, వేడెక్కిందని టెంపరేచర్ సెన్సరు చెప్పిన తరువాతే తగ్గిస్తుంది. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటరులోకి పోనీయకుండా ఆపేదే థర్మోస్టాట్. అది లేనప్పుడు కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటరులో తిరుగుతుంది కనుక, హైవే గాలికి ఇంజన్ ఎంత దూరం నడిచినా చాలినంత వేడెక్కదు. కంప్యూటరు పెట్రోలు తగ్గించదు; నల్లని పొగ, మైలేజీ పడిపోవడం అందుకే. బయట ఎండ 45 డిగ్రీలున్నా ఇంజన్‌కు కావలసిన 90 డిగ్రీల వేడికి అది సగమే. ఎండ ప్రాంతమని థర్మోస్టాట్ తీసేయడం మన దగ్గర పాతుకుపోయిన పొరపాటు.

ఆటోనగర్‌లో మీ కారుకు సరిపడే డిగ్రీల థర్మోస్టాటే అడిగి వేయించండి. అయితే నాడు ఇంజన్ వేడెక్కడానికి కారణమేమిటో, అంటే ఫ్యాను తిరగకపోవడమో, రేడియేటరు పూడుకుపోవడమో, కూలెంట్ కారడమో, ముందు తేల్చుకోవాలి. లేకుంటే ఆ బాధ మళ్లీ మొదలవుతుంది.

అప్పటికీ పొగ తగ్గకపోతే, రాత్రంతా నిలిపి ఉంచిన బండికి ఉదయం స్టార్ట్ చేయకముందే స్కానరు (సెన్సర్ల లెక్కలు చూపే పరికరం) పెట్టించి, కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు సమానంగా ఉన్నాయేమో చూడమనండి. కూలెంట్ మరీ చల్లగా ఉన్నట్లు చూపితే ఆ సెన్సరు గాని, చిలుము పట్టిన దాని కనెక్టరు గాని దోషి. అవి రెండూ బాగుంటే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కారుతున్నదేమోనని అనుమానించాలి.

ఇంజన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే, మండని పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేసినట్లే. మరమ్మతు పూర్తయిన వెంటనే ఆయిల్, ఫిల్టరు మార్పించండి.