పిల్లలకు ప్రభురాత్రి భోజనం ఇవ్వవచ్చునా? – సమాధానం

సహోదరీ, ఎనిమిదేళ్ల మీ పాప, యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే సంస్కారపు ఆరాధనలో తనకూ రొట్టె కావాలని అడుగుతోందని వ్రాశారు గాని, మీది ఏ సంఘమో తెలుపలేదు. జవాబు చాలావరకు దానిపైనే ఆధారపడుతుంది. తూర్పు ఆర్థొడాక్స్ సంఘాలు బాప్తిస్మం పొందిన పసిబిడ్డకు సైతం చెంచాతో ఇస్తాయి. కతోలికులు, పదవ పయస్ పోపు కాలంలో 1910లో వెలువడిన ఆదేశాన్ని అనుసరించి, సుమారు ఏడేళ్లకు ఇస్తారు. బాప్టిస్టులలో చాలా సంఘాలు ముందుగా ముంపు బాప్తిస్మం (నీటిలో పూర్తిగా ముంచి ఇచ్చేది) కావాలంటాయి. పెద్దలు సాధారణంగా చూపే మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయంలోని స్వపరీక్ష మాట, అనగా తన్ను తాను పరీక్షించుకొని తినవలెననే మాట, పేదలను ఆకలితో విడిచి తాము ముందే తిన్నవారిని పౌలు మందలించిన సందర్భంలోనిది కనుక, కేవలం దానినిబట్టి పిల్లలను ఆపడం నాకు సబబుగా తోచదు. అయినా మీ రొట్టెముక్కను చాటుగా తుంచి పెట్టకండి. పాస్టరుగారిని ముందే కలిసి, కనీసం దీవెన కోసమైనా పాపను మీతోపాటు బల్ల యొద్దకు రానివ్వమని అడగండి.