టర్న్‌టేబుల్‌కి ఏ కార్ట్రిడ్జ్ కొనాలి? ముందు ఇంట్లో ఉన్న గ్రామఫోన్ ప్లేట్లు బయటికి తీయండి

మీరు అడిగింది: "మొదటిసారి టర్న్‌టేబుల్ కొన్నాను. దాంతో వచ్చిన కార్ట్రిడ్జ్ తీసేసి మంచిది పెట్టుకోమంటున్నారు. మూవింగ్ మేగ్నెట్టా, మూవింగ్ కాయిలా?"

కార్ట్రిడ్జ్ అంటే టర్న్‌టేబుల్ చేతి కొసన, ముల్లు కదలికని కరెంటుగా మార్చే బుల్లి ముక్క. ముల్లుతో పాటు అయస్కాంతం కదిలితే మూవింగ్ మేగ్నెట్, తీగ చుట్ట కదిలితే మూవింగ్ కాయిల్. మాది విజయనగరం. గంటస్తంభం మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఈ విషయంలో చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను: మూవింగ్ మేగ్నెట్ కొనండి. ఎందుకో చెప్పాలంటే మా మేనత్త చీర చెంగు దగ్గర మొదలుపెట్టాలి.

ఎవరో "మూవింగ్ మేగ్నెట్ అంటే పిల్లలాట" అని రాస్తే నమ్మేసి, సగం నెల జీతం పోసి మూవింగ్ కాయిల్ తెచ్చాను. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు వాళ్ళది కాదు. బిగించి పాట పెడితే పక్కగదిలో ఎవరో గొణుగుతున్నట్టుంది. వాల్యూమ్ చివరిదాకా తిప్పితే పాట కన్నా హుస్సుమనే చప్పుడే ఎక్కువ. మూవింగ్ మేగ్నెట్ నుంచి నాలుగైదు మిల్లీవోల్టులు వస్తే, దీన్నుంచి వచ్చేది 0.3 చిల్లర. నా ఆంప్లిఫయర్‌లో టర్న్‌టేబుల్ తగిలించడానికి ఉన్న ఫోనో దారి మూవింగ్ మేగ్నెట్‌కి సరిపోయేదే. దాంతో ఆ కాస్త కరెంటుని పెంచడానికి మధ్యలో ఇంకో డబ్బా కొనాల్సి వచ్చింది. ఈ ఖర్చు సంగతి రివ్యూలు రాసేవాళ్ళు ఆఖరి పేరాలో, అదీ ఒక్క ముక్కలో చెప్తారు.

సరే, డబ్బా వచ్చింది, పాట బాగుంది. మూడు నెలలు రాజాలా విన్నాను. ఇంతలో పైడితల్లి అమ్మవారి పండగొచ్చింది, ఇల్లంతా చుట్టాలు. సిరిమాను చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, అంత పొడుగు మాను చివర పూజారి కూర్చుంటారు కదా, కార్ట్రిడ్జ్‌లోనూ అంతే. వెంట్రుకకి అన్నలాంటి సన్న పుల్ల ఒకటి, దాని చివర కంటికి ఆనని వజ్రపు మొన. ఆ పుల్లనే కాంటిలీవర్ అంటారు. మా మేనత్త "ఎంత దుమ్ము పట్టేసిందిరా దీనికి" అంటూ చెంగుతో అడ్డంగా తుడిచేసింది. ఊళ్ళో సిరిమాను చల్లగా కోట దాకా వెళ్ళొచ్చింది. మా ఇంట్లోది మాత్రం పక్కకి వంగి వేలాడుతోంది. పండక్కొచ్చిన మనిషిని ఏమంటాం? "పర్లేదత్తా" అన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

మూవింగ్ మేగ్నెట్ అయితే ముల్లున్న ముక్కని వేళ్ళతో లాగేసి కొత్తది గుచ్చుకుంటే అయిపోయేది. మామూలు మూవింగ్ కాయిల్‌లో చుట్టలు ఆ పుల్లకే ఉంటాయి కాబట్టి ఆ వీల్లేదు. మొత్తం రిపేరుకి పంపాలి, లేదా కొత్తది కొనాలి. ఫోన్ చేస్తే షాపాయన చెప్పిన రేటుకి ఇంకో టర్న్‌టేబులే వస్తుంది. పిల్లలు, చుట్టాలు, పనిమనిషి తిరిగే ఇంట్లో ముల్లు మార్చుకునే వీలున్నదే కొనాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

తర్వాత ఆడియో టెక్నికా వీఎం95ఇ అనే మూవింగ్ మేగ్నెట్ తెచ్చాను. ముల్లు ప్లేటు మీద ఆనే బరువు రెండు గ్రాములకి పెట్టి, కార్ట్రిడ్జ్ వంకర లేకుండా కొలత కాగితం మీద రెండు చుక్కల దగ్గరా సరిచూసుకుంటే ఎల్పీలు (నిమిషానికి 33 చుట్లు తిరిగే ప్లేట్లు) హాయిగా పలుకుతున్నాయి. అప్పుడొచ్చారు మా వీధి మాస్టారు. వయొలిన్ నేర్పి రిటైరైన మనిషి. పాత పంచెలో చుట్టుకుని 78 ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపువి, ఆరు తెచ్చారు. పైనున్నది ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్. మా ఊరి సంగీత కాలేజీకి 1936లో ప్రిన్సిపాలైన ద్వారం వారంటే ఇక్కడ వయసు మళ్ళినవాళ్ళు ఇప్పటికీ కూర్చున్నచోట నిటారుగా అవుతారు.

నా ప్లేయర్‌కి 78 స్పీడు ఉంది కదా అని గర్వంగా పెట్టాను. బరబర, చిటపట, దాని వెనకాల ఎక్కడో వయొలిన్. మాస్టారు కళ్ళు మూసుకుని అర నిమిషం విన్నారు. "ఇది ద్వారం వారి కమాను కాదు బాబూ, ఎవరో కొబ్బరికాయ పీచు తీస్తున్నారు" అన్నారు. తర్వాత టర్న్‌టేబుల్ వైపు వంగి, "దీనికి మీట ఏదీ?" అని అడిగారు.

ఆ మాటతో నా బుర్రలో దీపం వెలిగింది. చిన్నప్పుడు మా నాన్న దగ్గర సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉన్న చవక ప్లేయర్ ఉండేది. ముల్లు ఎగిరితే దాని నెత్తిన పావలా బిళ్ళ పెట్టేవారు. ఆ తల ముందు గోరంత మీట ఉండేది, ఒకవైపు ఎల్పీ, రెండోవైపు 78. ప్లేటు మార్చినప్పుడల్లా నాన్న దాన్ని తిప్పేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అందులో ముళ్ళు రెండు! 78 గాడి వెడల్పు, దానికి మొన అంగుళంలో వెయ్యో వంతుకి మూడింతలుండాలి. ఎల్పీకి 0.7 ఇంతలు చాలు. నా సన్న ముల్లు 78 గాడి గోడల్ని ఆనుకోకుండా అడుక్కి దిగిపోయి, డెబ్భై ఏళ్ళ మట్టిని గీరుతోంది. ఆ పీచు చప్పుడు అదే.

అదృష్టం ఏమిటంటే ఆ వీఎం95 ఒంటికే 78 ముల్లు విడిగా దొరుకుతుంది, దానికి ఐదు గ్రాములు పెట్టాలి. తెప్పించి మాస్టారిని మళ్ళీ పిలిచాను. చిటపట పూర్తిగా పోలేదు, అది పోదు కూడా. అయినా కమాను తిరిగిన చోటల్లా ఆయన చెయ్యి గాల్లో తిరిగింది. రెండోవైపు కూడా పెట్టమన్నారు. కాఫీ చల్లారిపోయింది.

పనిలో పనిగా ఇంకోటి. బరువు తగ్గిస్తే ప్లేటు అరగదని కొందరు ఒక గ్రాముకి దించేస్తారు. అది తప్పు. ముల్లు గాడిలో నిలవక గోడల్ని కొడుతుంది, అరుగుదల ఇంకా ఎక్కువ. కంపెనీ చెప్పిన బరువే పెట్టండి. కొలిచే చిన్న డిజిటల్ కాటా చవగ్గానే దొరుకుతుంది, పావలా బిళ్ళలు వద్దు. ఇక ఎల్పీ శబ్దంలో "వినైల్ వెచ్చదనం" ఉందని కవిత్వం చెప్పేవాళ్ళని అరిగిన ముల్లు ఎన్ని గంటలు వాడారో అడగండి. వజ్రమైనా వెయ్యి గంటల లోపు మార్చుకోవడమే మంచిది.

అరిగిన పాత ఎల్పీలే ఎక్కువుంటే గుండ్రటి మొన చాలు. జపాన్ రేడియో కోసం 1960ల్లో చేసిన డెనాన్ డీఎల్-103, ఇప్పటికీ జనం వెంటపడే కార్ట్రిడ్జ్, దాని మొన కూడా గుండ్రటిదే. శుభ్రంగా ఉన్న కొత్త ఎల్పీలైతే ఎలిప్టికల్, అంటే కోలగా ఉండే మొన తీసుకోండి. ఆర్టోఫాన్ 2ఎం రెడ్ కొంటే తర్వాత దాని ఒంటికే బ్లూ ముల్లు తగిలించుకోవచ్చు.

మీ దగ్గర 78లు ఉన్నాయో లేవో ప్రశ్నలో రాయలేదు. అటకమీద ఒకసారి చూడండి. ఉంటే కార్ట్రిడ్జ్ సంగతి తర్వాత, మీ టర్న్‌టేబుల్‌కి 78 స్పీడు ఉందో లేదో ముందు చెప్పండి. ఇప్పుడొచ్చే వాటిల్లో చాలావాటికి 33, 45 తప్ప ఉండవు.