మా కాలనీలో ఉండే రిటైర్డ్ జడ్జిగారు పోయారు. సంస్మరణ సభలో ఆయన గురించి ఏం మాట్లాడాలి?

మీరు రాసినదాన్ని బట్టి ఆ పెద్దాయన సిటీ సివిల్ కోర్టులో జడ్జిగా చేసి రిటైరయ్యారు. ఏ ఏడాది ఎక్కడ పనిచేశారన్న కాగితం తప్ప మీ చేతిలో ఏమీ లేదు. నేను హైదరాబాద్ పురానీ హవేలీ కోర్టుల్లో చాలా ఏళ్లు స్టెనోగా చేశాను. నేను డిక్టేషన్ తీసుకున్న జడ్జిల్లో ఒకాయన పోయినేడు కాలం చేశారు. ఆయన సభలో నన్నూ మాట్లాడమన్నారు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

పెద్ద కోర్టుల జడ్జిల సంగతి వేరు. జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డిగారు ఇక్కడి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి హద్దులు పెట్టిన 1973 నాటి కేశవానంద భారతి కేసు విన్న 13 మంది జడ్జిల్లో ఒకరు. తర్వాత ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గానూ చేశారు. ఆయన ఏ కేసులో ఏమన్నారో లా రిపోర్టులు తిరగేస్తే దొరుకుతుంది. కింది కోర్టు జడ్జి తీర్పులు ఆ పుస్తకాలకు ఎక్కవు. గడువు తీరాక చాలా ఫైళ్లు రికార్డు రూములో కూడా ఉండవు. ఆయన ఎలా పనిచేశారో తెలిసింది ఆ హాల్లో ఉన్నవాళ్లకే. అందుకే ముందు వాళ్లను వెతకండి.

మా సారు గురించి నేను సభలో చెప్పింది ఒక్క మధ్యాహ్నం సంగతే. ఒక ముసలామె, భర్త పోయాక తన రెండు గదుల ఇంట్లో అక్క కొడుకును ఉండనిచ్చింది. అతను ఖాళీ చేయనన్నాడు. ఆమె సాక్ష్యం రోజు. మా కోర్టుల్లో సాక్షి తెలుగులోనో ఉర్దూలోనో చెబుతాడు, జడ్జి దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, మేం టైపు చేస్తాం. చివర్లో సాక్షికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. రోజుకు ఇన్నేసి కేసులున్నచోట ఈ చదవడం ఎంత గబగబా అయిపోతుందో కోర్టు మెట్లెక్కిన వాళ్లకు తెలుసు. మా సారు మాత్రం కాగితం తన చేతిలోకి తీసుకుని, ఒక్కో వాక్యం చదివి, సాక్షి ముఖంలోకి చూసి, తలూపాకే రెండోది చదివేవారు.

ఆ రోజు ఒక వాక్యం దగ్గర "ఇల్లు అతనికి ఇచ్చేశాను" అని చదివారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఇచ్చేసుడేంది సారూ? ఉండనీకి ఇచ్చిన."

హాలంతా నిశ్శబ్దం. ఆమె ముందు అన్నది "ఇల్లు ఆనికిచ్చిన" అనే. సారు చెప్పింది చెప్పినట్టే నేను టైపు చేశాను, కానీ ఆ ఇంగ్లీషు మాటకు శాశ్వతంగా రాసిచ్చేసిందన్న అర్థం వస్తోంది. ఆ ఒక్క మాట మీద ఆమె ఇల్లు పోయేది. అవతలి వకీలు లేచి అభ్యంతరం చెప్పబోయారు. సారు ఆపి, "తప్పు ఆమెది కాదు, నా డిక్టేషన్‌ది" అని అందరూ వినేట్టు అన్నారు. కలం తీసి ఆ మాట కొట్టేసి, పైన సరైన మాట రాసి, పక్కన పొట్టి సంతకం చేశారు. మళ్లీ చదివారు. ఆమె తలూపింది, వేలిముద్ర వేసింది.

ఆ కేసులో తీర్పు ఆయన ఇవ్వలేదు. ఆలోపే బదిలీ అయింది. తర్వాత వచ్చిన జడ్జిగారు ఆ వాక్యాన్నే ఎత్తి చూపించి ఆమెకు డిక్రీ ఇచ్చారు. ఆ తీర్పు టైపు చేసింది కూడా నేనే. టైపు చేస్తుంటే కళ్లు మసకబారాయి. మా సారు పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇంకొకటి కూడా చెప్పాను. ఎవరైనా వకీలు చనిపోతే, సంతాప సమావేశం సాయంత్రం కోర్టు పనయ్యాక పెట్టుకోమని బార్ (వకీళ్ల సంఘం) పెద్దల్ని బతిమాలుకునేవారు. చేవెళ్ల నుంచో వికారాబాద్ నుంచో బస్సెక్కి వచ్చినవాడు వాయిదా తీసుకుని ఉత్త చేతులతో తిరిగిపోకూడదని. అందరూ ఒప్పుకోలేదు, కొందరు నొచ్చుకున్నారు కూడా. నాకైతే ఆయన మాటే న్యాయమనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది.

కాబట్టి మీ జడ్జిగారు పనిచేసిన కోర్టుకు ఒక పూట వెళ్లండి. బెంచి క్లర్క్‌ని, అటెండర్‌ని, పాత వకీళ్ల గుమాస్తాల్ని అడగండి. ఆయన లోక్ అదాలత్‌లో కూర్చుని ఉంటే తప్పకుండా ఏదో ఒక సంగతి దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ జడ్జి ఇరుపక్షాలతో నేరుగా మాట్లాడతారు. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, దానిమీద అప్పీలు ఉండదు. ఈ రెండు ముక్కలూ విడమరిచి చెప్పాకే మా సారు సంతకాలు పెట్టించేవారు.

ఫ్లెక్సీకి పెట్టే డబ్బు ఉంటే, కమ్యూనిటీ హాలు గోడ మీద ఆయన పేరుతో ఒక బోర్డు రాయించండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వం ఉచితంగా వకీలును ఇస్తుందని, ఫోన్ నంబరు 15100 అని. 1987 నాటి లీగల్ సర్వీసెస్ (న్యాయ సేవల) చట్టం ఇచ్చిన హక్కు ఇది. మీ కాలనీలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

సభ తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. ఆదివారమైతే నేనూ వస్తాను.