ఆర్‌ఎక్స్-7 కొన్నారా? బూస్ట్ జోలికి పోయేముందు...

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే కారు గురించి: మూడో తరం మజ్దా ఆర్‌ఎక్స్-7. 1991 చివర్లో జపాన్‌లో వచ్చి 2002 దాకా తయారైన ఈ బండిని అభిమానులు ఎఫ్‌డి అని పిలుస్తారు. పిస్టన్లు లేని 13బి-ఆర్‌ఈడబ్ల్యూ రోటరీ ఇంజన్, పిస్టన్ల బదులు తిరిగే 654 సీసీల మూడు మూలల రోటర్లు రెండు, పొగ బలంతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోలు రెండు, ఒకదాని వెనక ఒకటి అందుకునేవి. అవి నెట్టే గాలి ఒత్తిడే బూస్ట్. కాలేజీ రోజుల్లో గోడ మీద బొమ్మ అంటించుకుని, ఇప్పుడు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి, కొనే స్తోమత వచ్చాక కొనుక్కుంటున్న మనవాళ్ల ప్రశ్నలివి.

ప్ర. 1994 టూరింగ్ మోడల్ ఒకటి చూశాను. 81,000 మైళ్లు తిరిగింది. "కంప్రెషన్ 110 వచ్చింది, ఇంజన్ దివ్యంగా ఉంది" అంటున్నారు. నమ్మి కొనొచ్చా?
– పాఠకుడు, డాలస్

జ. కంప్రెషన్ అంటే ఇంజన్ గాలిని ఎంత గట్టిగా నొక్కగలదో చెప్పే కొలత. ఒక్క అంకె చెప్పారంటే దాన్ని సరిగ్గా తీయలేదనే అర్థం. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు. రెండింటికీ కలిపి ఆరు అంకెలు రావాలి, వాటి పక్కన స్టార్టర్ ఇంజన్‌ను ఎంత వేగంతో తిప్పిందో కూడా రాసి ఉండాలి. మామూలు గేజిలో ఉండే వన్‌వే వాల్వు మూడు ముఖాల్లో పెద్ద అంకెను పట్టుకుని అక్కడే నిలబడిపోతుంది. రెండు ముఖాలు చచ్చిపోయి ఉన్నా గేజి 110 చూపిస్తుంది.

రోటరీ టెస్టర్ ఉన్న వర్క్‌షాపుకి తీసుకెళ్లండి. ఇంజన్ బాగా వేడెక్కి ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, పెట్రోలు, ఇగ్నిషన్ ఆపేయాలి, త్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకోవాలి. 250 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర మజ్దా చెప్పిన కనీసం చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు, అంటే 85 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు). ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 1.5 కిలోలు, అంటే 21 పీఎస్‌ఐ దాటకూడదు. స్టార్టర్ 300 వేగంతో తిప్పితే అంకె ఎక్కువ కనిపిస్తుంది, 200కి తగ్గితే తక్కువ కనిపిస్తుంది. అందుకే ఆర్‌పీఎం లేని రిపోర్టుకు విలువ లేదు.

అంకెలు చదివే పద్ధతి కూడా తెలుసుకోండి. గాలి కారకుండా రోటర్ మూలలో ఉండే అపెక్స్ సీల్ రెండు ముఖాల సరిహద్దులో కూర్చుంటుంది. కాబట్టి ఒక సీల్ విరిగితే పక్కపక్క ముఖాలు రెండూ పడిపోయి మూడోది బాగుంటుంది. ఒక్క ముఖమే తగ్గితే సైడ్ సీల్‌నో కార్నర్ సీల్‌నో అనుమానించాలి. మూడూ సమానంగా తక్కువగా ఉంటే రోటర్ తిరిగే గది, అంటే హౌసింగ్ అరిగిపోయి ఉండొచ్చు, లేదా చాలాకాలం కదలక సీళ్లు మసితో బిగుసుకుని ఉండొచ్చు. రెండోదైతే కొన్ని వందల మైళ్లు చక్కగా నడిపితే కొంత కోలుకుంటుంది. మొదటిదైతే ఇంజన్ విప్పాల్సిందే. అమ్మేవాళ్లు టెస్టుకు ఒప్పుకోకపోతే రీబిల్డ్ ఖర్చు మొత్తం ధరలోంచి తీసేసి బేరమాడండి.

ఇంకో మాట: టూరింగ్ మోడల్‌కు ఆయిల్ కూలర్ ఒక్కటే ఉంటుంది. ఆర్1, ఆర్2 మోడళ్లకు రెండు. టెక్సస్ ఎండలకు రెండోది పెట్టించక తప్పదు, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి.

ప్ర. బండి కొన్నాను, నడుస్తోంది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటోంది. ఇక రెండు టర్బోలు తీసేసి పెద్దది ఒక్కటే, అంటే సింగిల్ టర్బో పెట్టేయొచ్చా?
– పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జ. ఆ ముల్లును నమ్మొద్దు. దాదాపు 80 డిగ్రీల నుంచి 110 దాకా అది మధ్యలోంచి కదలదు, కంపెనీ అలాగే అమర్చింది. అది పైకి లేచిందని మీరు గమనించే సరికి సీళ్లకు జరగాల్సిన నష్టం మొదలైపోతుంది. ఈ ఇంజన్‌లో ఇనుప సైడ్ హౌసింగుల మధ్య అల్యూమినియం రోటర్ హౌసింగులు పేర్చి, పొడవాటి బోల్టులతో బిగిస్తారు. వేడికి ఇనుము, అల్యూమినియం ఒకేలా వ్యాకోచించవు. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే చాలు, వాటి మధ్య నీటి దారుల చుట్టూ ఉన్న రబ్బరు సీళ్లు పాడవుతాయి. పొద్దున స్టార్ట్ చేయగానే తెల్లటి, తియ్యటి వాసనున్న పొగ, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పోసే ఫిల్లర్ మెడలో బుడగలు, లీకు కనబడకుండానే తగ్గిపోయే కూలెంట్ కనిపిస్తే ఆ సీళ్లు పోయినట్టే. ఇంజన్ విప్పడం తప్ప మందు లేదు.

కాబట్టి టర్బో కోసం దాచిన డబ్బులో మొదటి వాటా చల్లబరిచే వ్యవస్థకు పెట్టండి. ముందుగా ఒక మంచి వాటర్ టెంపరేచర్ గేజి, 105 దగ్గర మోగేలా అలారం. 110కి వస్తే బూస్ట్ వదిలేసి నెమ్మదిగా నడపండి, తగ్గకపోతే పక్కకు తీసి ఆపేయండి. తర్వాత ఏఎస్‌టీ అనే చిన్న ప్లాస్టిక్ ట్యాంకు: కూలెంట్‌లోంచి గాలిని వేరు చేసేది. ముప్పై ఏళ్ల వేడికి దాని అతుకు విచ్చుకుంటుంది, కూలెంట్ ఒక్కసారిగా బయటికొస్తుంది. అల్యూమినియంది పెట్టండి. రేడియేటర్‌కు కూడా పక్క ట్యాంకులు ప్లాస్టిక్కే, దాన్నీ పూర్తి అల్యూమినియం రేడియేటర్‌తో మార్చండి. హోసులన్నీ కొత్తవి, థర్మోస్టాట్ 82 డిగ్రీలదే, కూలెంట్ మూత 13 పీఎస్‌ఐది కొత్తది.

ఫ్యాన్లు కంపెనీ సెట్టింగులో 105 డిగ్రీల దాకా తిరగవు. దీనికి ముందు తరం ఆర్‌ఎక్స్-7, అంటే ఎఫ్‌సి మోడల్ థర్మోస్విచ్ పెడితే 95 దగ్గరే మొదలవుతాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఇక చాలామంది పారేసే వస్తువు ఇంజన్ కింద ఉండే ప్లాస్టిక్ ట్రే. అది లేకపోతే ముందు నుంచి వచ్చిన గాలి రేడియేటర్‌లోంచి పోకుండా కిందకు జారిపోతుంది. ఖరీదైన రేడియేటర్ పెట్టి కూడా "ఇంకా వేడెక్కుతోంది" అని రాసేవాళ్ల బండ్లలో మొదట చూడాల్సింది ఆ ట్రే, రేడియేటర్ చుట్టూ ఉండే నురగ పట్టీలు.

కూలెంట్ నింపేటప్పుడు ముందు చక్రాలు ఎత్తి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, ఫిల్లర్ మెడలోంచి నెమ్మదిగా పోయండి. ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. బుడగలు పూర్తిగా ఆగేదాకా మూత పెట్టొద్దు.

ఆ తర్వాత పెట్రోలు. ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే భాగం) కింద దాక్కున్న పెట్రోలు హోసులన్నీ మార్చండి, ఇంజెక్టర్ల ఓ-రింగులు మార్చండి, పెట్రోలు ఒత్తిడి కుదుపులను తగ్గించే ఫ్యూయల్ పల్సేషన్ డ్యాంపర్‌ను కొత్తది పెట్టండి. డ్యాంపర్ పొర చిరిగితే పెట్రోలు నేరుగా వేడి ఇంజన్ మీద పడుతుంది, బండి తగలబడుతుంది. ఇవన్నీ అయ్యాక ఒక వేసవి నడపండి. టర్బో గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ప్ర. నాది 1996 కారు. 4,000 ఆర్‌పీఎం దాకా 10 పీఎస్‌ఐ బూస్ట్ వస్తోంది. 4,500 దాటగానే 4కు పడిపోయి మళ్లీ లేవట్లేదు. టర్బో పోయిందంటున్నారు.
– పాఠకుడు, మెల్‌బోర్న్

జ. టర్బోను నిందించే ముందు గొట్టాలు చూడండి. ఆరోగ్యంగా ఉన్న బండిలో బూస్ట్ 10కి చేరి, 4,500 దగ్గర క్షణంపాటు 8కి దిగి, మళ్లీ 10కి లేస్తుంది. మీకు 10 దాకా వస్తోందంటే మొదటి టర్బో బాగానే ఉంది. రెండోది రంగంలోకి దిగట్లేదు, లేదా దిగినా దాని గాలి ఇంజన్‌కు చేరట్లేదు.

మారే సమయంలో మూడు పనులు ఒకేసారి జరగాలి. ఎగ్జాస్ట్ వైపు టర్బో కంట్రోల్ వాల్వు తెరుచుకోవాలి. రెండో టర్బో గాలిని అప్పటిదాకా బయటికి వదులుతున్న చార్జ్ రిలీఫ్ వాల్వు మూసుకోవాలి. ఆ గాలిని ఇంజన్‌కు కలిపే చార్జ్ కంట్రోల్ వాల్వు తెరుచుకోవాలి. ఈ మూడింటినీ సన్నటి రబ్బరు గొట్టాలు, కరెంటుతో గాలి దారి మార్చే సొలినాయిడ్లు, వాక్యూమ్ ట్యాంకు, ప్రెషర్ ట్యాంకు, చిన్న చిన్న వన్‌వే వాల్వులు నడిపిస్తాయి. ఇన్నేళ్ల వేడికి ఆ గొట్టాలు గట్టిపడి, చేత్తో వంచితే పుటుక్కున విరుగుతాయి.

ఇన్‌టేక్ పైభాగం తీసి, చేతిపంపుతో వాల్వును కదిలించే ఒక్కో యాక్చువేటర్‌కు వాక్యూమ్ గానీ ప్రెషర్ గానీ ఇచ్చి కడ్డీ కదులుతోందా, కదిలినచోటే నిలబడుతోందా చూడండి. కదిలి మెల్లగా వెనక్కి వస్తే డయాఫ్రమ్ చిరిగింది. కడ్డీ అసలు కదలకపోతే వాల్వు మసితో బిగుసుకుంది. వన్‌వే వాల్వులను నోటితో ఊదండి: ఒకవైపే గాలి పోవాలి. రెండు వైపులా పోతే ట్యాంకులో దాచిన ప్రెషర్ అవసరానికి మిగలదు. మీ లక్షణానికి ఎక్కువసార్లు తేలే కారణం ఇదే. సొలినాయిడ్లకు 12 వోల్టులు ఇస్తే టక్‌మని శబ్దం రావడమే చాలదు, గాలి దారి కూడా మారుతోందో లేదో ఊది చూడాలి.

గొట్టాలు మార్చేటప్పుడు సిలికాన్‌వి వాడండి. ఎక్కువ భాగం 4 మి.మీ. లోపలి వ్యాసం, కొన్ని 6. నాలుగు మిల్లీమీటర్లది 15 మీటర్లు తెచ్చుకోండి. ఒకటి తీసి ఒకటి పెట్టండి, అన్నీ ఒక్కసారి పీకితే తిరిగి కలపడం నరకం. పెట్రోలు పోయే చోటగానీ ఆయిల్ పోయే చోటగానీ సిలికాన్ పెట్టకూడదు, ఉబ్బి ఊడిపోతుంది. పాత గొట్టం పారేసేముందు దాన్ని వేళ్ల మధ్య నొక్కుకుంటూ పోండి. వేస్ట్‌గేట్ (పొగను పక్కకు మళ్లించి బూస్ట్‌ను అదుపు చేసేది), ప్రీకంట్రోల్ (రెండో టర్బోను ముందే తిప్పడం మొదలుపెట్టేది) గొట్టాల్లో గింజంత ఇత్తడి ముక్క తగులుతుంది, మధ్యలో సూదిబెజ్జం. బూస్ట్ లెక్కంతా ఆ బెజ్జం మీదే ఆధారపడి ఉంది. జాగ్రత్తగా తీసి కొత్త గొట్టంలో అదే చోట పెట్టండి.

ప్ర. పెట్రోల్లో ఆయిల్ కలపాలా? ఎంత?
– పాఠకురాలు, శాన్ హోజే

జ. కలపండి. అపెక్స్ సీళ్లకు ఆయిల్ అందించే మీటరింగ్ పంపు పనిచేస్తున్నా సరే, 200 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు మంచి టూ-స్ట్రోక్ ఆయిల్, జపాన్ ప్రమాణమైన జాసోలో ఎఫ్‌డి గ్రేడుది (ఈ ఎఫ్‌డికి కారు పేరుతో సంబంధం లేదు). ఎఫ్‌డి ట్యాంకు 76 లీటర్లు. సగం ట్యాంకు నింపిస్తే 190 మి.లీ. పంపు తీసేసి ఉంటే 125కి ఒకటి, అంటే సగం ట్యాంకుకు 300 మి.లీ. ముందు ఆయిల్ పోసి తర్వాత పెట్రోలు కొట్టించండి, అదే కలుస్తుంది. ఇంజన్ ఆయిల్ మాత్రం 5,000 కిలోమీటర్లు దాటనివ్వొద్దు. ఈ ఇంజన్‌లో పెట్రోలు ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది.

ప్ర. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్‌కు డౌన్‌పైప్, క్యాట్ (పొగను శుభ్రపరిచే క్యాటలిస్ట్) లేని మిడ్‌పైప్ పెట్టాను. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, కంపెనీదే. హాయిగా పరుగెడుతోంది. ఇంకేం చేయొచ్చు?
– పాఠకుడు, షార్లట్

జ. ఇంకేమీ చేయకండి. ఈసీయూ మార్చేదాకా బూస్ట్ కూడా వాడకండి. ఎగ్జాస్ట్ ఇంత తెరిస్తే చిన్న వేస్ట్‌గేట్ ఆపలేక బూస్ట్ దానంతటదే 14, 15కు ఎగబాకుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. కంపెనీ ఈసీయూ దానికి తగ్గ పెట్రోలు ఇవ్వలేదు. మిశ్రమం పలచబడితే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వస్తుంది, రోటరీలో ఆ దెబ్బ నేరుగా అపెక్స్ సీల్ మీద పడుతుంది. విరిగిన సీల్ ముక్క ఎగ్జాస్ట్‌లోకి పోతూ టర్బో రెక్కల్ని కూడా తినేస్తుంది. పైగా అమెరికాలో రోడ్డు మీద తిరిగే బండికి క్యాటలిస్ట్ తీసేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. హై-ఫ్లో క్యాట్ తిరిగి పెట్టండి. బూస్ట్ ఎగబాకడం కూడా తగ్గుతుంది.

ప్ర. చల్లబరిచే పనులన్నీ అయ్యాయి. నమ్మకంగా తిరగాలంటే ఎంత పవర్ పెట్టుకోవచ్చు?
– పాఠకుడు, హ్యూస్టన్

జ. చక్రాల దగ్గర 350 హార్స్‌పవర్. 93 ఆక్టేన్ పంపు పెట్రోలుతో ఇంతవరకు వెళ్లడంలో అభ్యంతరం లేదు. 1,300 కిలోల లోపు బండికి అది చాలా ఎక్కువ. బోర్గ్‌వార్నర్ ఈఎఫ్‌ఆర్ 8374 లాంటి సింగిల్ టర్బో, పెద్ద వేస్ట్‌గేట్, టర్బో గాలిని చల్లబరిచే వి-మౌంట్ ఇంటర్‌కూలర్, ప్రోగ్రామబుల్ ఈసీయూ. కంపెనీ ఇంజెక్టర్లు 550, 850 సీసీలవి, సెకండరీలు (850వి) మార్చాలి. పెట్రోలు పంపు మార్చడమే కాదు, దానికి రిలేతో కొత్త మందపు వైరు కూడా లాగండి. పాత వైర్లలో వోల్టేజి పడిపోయి కొత్త పంపు కూడా కావలసినంత ఇవ్వదు.

ట్యూనింగ్ చేసేవారికి మీరు చెప్పాల్సినవి: బూస్ట్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 11 నుంచి 11.5 మధ్య, లీడింగ్ (ముందు వెలిగే), ట్రెయిలింగ్ (తర్వాత వెలిగే) స్పార్కుల మధ్య తేడా 10 డిగ్రీలకు తగ్గకుండా, నాలుగు ప్లగ్గులూ వేడిని త్వరగా వదిలే 9 హీట్ రేంజివే. గాలి వేడిగానీ నీటి వేడిగానీ హద్దు దాటితే ఈసీయూ తనంతట తానే బూస్ట్ తగ్గించేలా రాయించుకోండి. పవర్ కొలిచే యంత్రం, అంటే డైనో మీద ఇంకో 30 హార్స్‌పవర్ వస్తుందంటే వద్దనండి.

ప్ర. ఇంజన్ విప్పించాను. పాత భాగాల్లో ఏవి మళ్లీ వాడొచ్చు?
– పాఠకుడు, బ్రిస్బేన్

జ. సీళ్లు, స్ప్రింగులు, రబ్బర్లు అన్నీ కొత్తవే. సైడ్ హౌసింగుల మీద సీళ్లు రాసుకున్న మెట్టు 0.10 మి.మీ. దాటినా, వంకర 0.04 దాటినా వాటిని ల్యాపింగ్ (చదునుగా అరగదీయడం) చేయించాలి లేదా మార్చాలి. రోటర్ హౌసింగు లోపలి క్రోమ్ పొర అంచుల్లో లేచి ఉంటే ఆ హౌసింగు పారేయండి. కొత్త సీళ్లను అది కొద్ది నెలల్లోనే తినేస్తుంది. బిగించాక రోటర్లు తిప్పే ఎక్సెంట్రిక్ షాఫ్ట్ ఎండ్ ప్లే (ముందుకూ వెనక్కూ కదిలే ఖాళీ) 0.04 నుంచి 0.07 మి.మీ. మధ్య రావాలి. ఫ్లైవీల్ నట్ 54 మి.మీ.ది, దాని టార్కు 392 నుంచి 490 న్యూటన్ మీటర్లు. ఇంపాక్ట్ గన్‌తో అంచనాగా బిగించేవారి దగ్గర ఈ పని చేయించకండి. మొదటి 1,500 కిలోమీటర్లు బూస్ట్ లేకుండా, 4,000 ఆర్‌పీఎం లోపు నడపండి. మొదటి ఆయిల్ 500 కిలోమీటర్ల దగ్గరే మార్చేయండి.

ప్ర. జపాన్ నుంచి ఎఫ్‌డి తెప్పించి హైదరాబాద్‌లో రిజిస్టర్ చేయించొచ్చా?
– పాఠకుడు, కూకట్‌పల్లి

జ. కుదరదు. బాగా పాతకాలపు వింటేజ్ కార్లను పక్కన పెడితే, మన దేశంలోకి వచ్చే సెకండ్‌హ్యాండ్ కారు తయారై మూడేళ్లు మించకూడదు. ఎఫ్‌డి తయారీ 2002లోనే ఆగిపోయింది. "కాగితాలు మేం చూసుకుంటాం" అనేవారికి అడ్వాన్సు ఇవ్వకండి.

ప్ర. గ్యారేజీలోంచి బయటికి తీసి వెంటనే ఆపేశాను. మర్నాడు స్టార్ట్ కాలేదు. పెట్రోలు వాసన విపరీతంగా ఉంది.
– పాఠకురాలు, సియాటిల్

జ. ఇంజన్ ఫ్లడ్ అయింది, అంటే లోపల పెట్రోలు ఎక్కువై తడిసిపోయింది. చల్లటి ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువగా అందుతుంది, అది ఆయిల్ పొరను కడిగేసి సీళ్ల పట్టు పోగొడుతుంది. ఫ్యూయల్ పంపు కరెంటు తీసేయండి, ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టరు కూడా పీకేయండి. కింది వరుసలోని లీడింగ్ ప్లగ్గులు రెండూ విప్పి, త్రాటిల్ పూర్తిగా తొక్కి పది సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు తిప్పండి. దగ్గర్లో నిప్పు గానీ, వెలిగే బల్బు గానీ ఉండకూడదు. ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, చేత్తో కొద్దిగా తిప్పి, పొడి ప్లగ్గులు బిగించి, కనెక్షన్లు కలిపి స్టార్ట్ చేయండి. కాసేపు తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, కంగారు పడకండి. ఇకమీదట ఒకసారి స్టార్ట్ చేశారంటే నీరు 80 డిగ్రీలకు చేరాకే ఆపండి.