సైకిల్‌ను బండి గుద్దితే: పాఠకుల ప్రశ్నలు, న్యాయ సలహాలు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పొద్దున్నే సైకిల్ మీద పాలకు వెళ్తుంటే ఉప్పల్ దగ్గర వెనక నుంచి కారు గుద్దింది. తుంటి ఎముక విరిగింది. కారాయనే ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించి, మొదటి బిల్లు కట్టి, ‘కేసులెందుకు, ఖర్చంతా నేనే పెట్టుకుంటా’ అన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. రెండు వారాలు కావస్తోంది. ఇంకా కేసు పెట్టొచ్చా?
– ఓ పాఠకురాలు, రామంతాపూర్

జవాబు: పెట్టొచ్చు. కానీ స్టేషన్‌కు వెళ్లే ముందు ఆస్పత్రి కేస్ షీట్ మొదటి పేజీ చూడండి. ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. చేర్పించినవాళ్లు చెప్పిందే డ్యూటీ డాక్టర్ రాసుకుంటారు. కారాయన ‘సైకిల్ మీంచి జారి పడ్డాడు’ అని చెప్పి ఉంటే అదే రికార్డు అవుతుంది. రేపు బీమా కంపెనీ లాయర్ ట్రిబ్యునల్‌లో (రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టు) ముందుగా తీసేది ఆ కాగితమే. అలా రాసి ఉన్నా దిద్దించకండి, కొట్టివేతలు ఉంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. ప్రమాదం ఎలా జరిగిందో మీ నాన్నగారే చెబుతున్నట్టు లేఖ రాసి, ఆస్పత్రి సూపరింటెండెంట్‌కు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

కారాయన చేసిన సాయం మీకు సాక్ష్యం కూడా అవుతుంది. చేర్పించినవారి పేరు, ఫోన్ నంబరు క్యాజువాలిటీ రిజిస్టర్లో ఉంటాయి. మొదటి బిల్లు యూపీఐలో కట్టి ఉంటే ఆ వివరం ఆస్పత్రి అకౌంట్స్‌లో ఉంటుంది. ఆ రెండూ ఫిర్యాదులో రాయండి. పోలీసులు తెప్పించుకోగలరు.

ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులోనే చెప్పండి: ఆపరేషన్, కారాయన మాట నమ్మడం. కారణం సబబుగా ఉంటే ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క సాకుతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. కాబట్టి భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు సెక్షన్ 281తో పాటు, తీవ్ర గాయం చేసినందుకు 125(బి) కూడా పడాలి. ‘మా పరిధి కాదు’ అంటే, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. అసలు తీసుకోకపోతే ఫిర్యాదును డీసీపీకి పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితం.

సైకిల్‌ను మాత్రం ఇప్పుడే రిపేరు షాపుకు ఇవ్వకండి. వెనక మడ్‌గార్డు నొక్కుకుపోయి, వెనక రిమ్ము వంగి, దాని మీద కారు పెయింటు గీత ఉందంటే వెనక నుంచి గుద్దారని అదే చెబుతుంది. నాలుగు వైపులా ఫొటోలు తీసి, పంచనామాలో సైకిల్ వివరాలు రాయించండి. దారిలోని దుకాణాల సీసీ కెమెరాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కుతూ ఉంటుంది. దాన్ని భద్రపరచమని ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ బాధ్యుడైన అధికారి) ఈ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి. మీరే కాపీ తెచ్చుకుంటే దానికి ఎలక్ట్రానిక్ సాక్ష్యపు సర్టిఫికెట్ జతచేయాలని లాయర్‌కు గుర్తుచేయండి.

పరిహారం కోసం మోటారు వాహన చట్టం సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌లో ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి దానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు గడువు పెట్టారు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నాయి. వాటిని నమ్ముకుని మాత్రం కూర్చోకండి.

ప్రశ్న: రాత్రి పది దాటాక ఎల్బీనగర్ నుంచి సైకిల్ మీద ఇంటికొస్తుంటే డీసీఎం వ్యాన్ గుద్ది ఆగకుండా పోయింది. నంబరు చూడలేదు. చెయ్యి విరిగింది. ఎవరి మీద వేయాలి?
– ఓ పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: ఎవరి మీదా వేయక్కర్లేదు. గుద్ది పారిపోయిన కేసులకు కేంద్రం పథకం ఉంది: తీవ్ర గాయానికి 50,000 రూపాయలు, మరణానికి 2 లక్షలు. (2022 ఏప్రిల్ దాకా ఇవి 12,500, 25,000 మాత్రమే.) దరఖాస్తు కోర్టులో కాదు, ఆర్డీఓ ఆఫీసులో. ఎఫ్ఐఆర్, చికిత్స కాగితాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పెట్టాలి. విచారణ నివేదిక కలెక్టర్‌కు వెళ్తుంది, మంజూరైన సొమ్ము మీ ఖాతాలో పడుతుంది. బండి దొరకలేదని పోలీసులు చెప్పాలి కాబట్టి ఎఫ్ఐఆర్ లేనిదే ఇది కదలదు. తర్వాత ఆ డీసీఎం దొరికితే ఓపీ వేయొచ్చు, అప్పుడు ఈ 50 వేలు అందులోంచి తిరిగి కట్టాలి.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. 2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద మోటారు వాహనం వల్ల గాయపడిన ఎవరికైనా, సైకిల్ తొక్కేవాళ్లకూ, ప్రమాదం నుంచి ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా చికిత్స ఉంటుంది. పథకంలో ఉన్న ఆస్పత్రిలోనే. చేరేటప్పుడే కౌంటర్లో అడగాలి, డిశ్చార్జి రోజు కాదు.

ప్రశ్న: నేను టైలర్ని, 38 ఏళ్లు. ఆటో గుద్ది కుడి మోకాలు దెబ్బతింది. డాక్టర్ కాలికి 40 శాతం వైకల్యం అని రాశారు. ఎంత రావచ్చు? లెక్క ఎలా కడతారు?
– ఓ పాఠకుడు, చార్మినార్

జవాబు: కాలికి 40 శాతం అంటే ఒంటికంతటికీ 40 శాతం అని కాదు. ఆ గాయం వల్ల సంపాదన ఎంత శాతం పడిపోయిందన్నదే ట్రిబ్యునల్ చూడాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పింది. అదే మోకాలితో గుమాస్తా ఉద్యోగం సాగిపోవచ్చు. కాలితో తొక్కే మెషీన్ మీద కుట్టే మీకు సాగదు. మీ మెషీన్‌కు మోటారు ఉందా, కాలితో తొక్కుతారా అన్నది మీ వాంగ్మూలంలో తప్పక రావాలి.

నెలకు 15,000 సంపాదన, 20 శాతం నష్టం అనుకుందాం. ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునే 40 ఏళ్లలోపు వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 2,52,000. అందులో 20 శాతం 50,400. ఏడాది నష్టాన్ని ఎన్ని రెట్లు చేయాలో వయసును బట్టి ఉంటుంది, దాన్నే గుణకం అంటారు: 36–40 ఏళ్ల వయసుకు 15. మొత్తం 7,56,000. దీని మీద మందుల బిల్లులు, పని పోయిన నెలల ఆదాయం, తోడున్నవారి ఖర్చు, ఆటో కిరాయిలు, బాధకు వేరే. సైకిల్ విలువ కూడా అడగొచ్చు. ఆరోగ్యశ్రీలో జరిగిన ఆపరేషన్ ఖర్చు మీ జేబులోంచి పోలేదు కాబట్టి అది రాదు.

ఇలాంటి కేసుల్లో పరిహారం తగ్గిపోయేది ఆదాయం రుజువు దగ్గరే. ఏమీ చూపకపోతే ట్రిబ్యునల్ ఒక అంచనా వేసుకుంటుంది, అది సాధారణంగా మీ అసలు రాబడి కంటే తక్కువే. కొలతల పుస్తకం, యూపీఐ స్టేట్‌మెంటు, జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సు ఉంటే తీయండి. వైకల్యం సర్టిఫికెట్ దాఖలు చేస్తే చాలదు, వైద్యం చేసిన డాక్టర్ వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆయనకు తీరిక లేకపోతే కమిషన్ వేసి, అంటే కోర్టు తరఫున ఒకరిని పంపి, ఆస్పత్రిలోనే వాంగ్మూలం తీసుకోమని అడగొచ్చు.

ప్రశ్న: హెల్మెట్ లేదని పరిహారం తగ్గిస్తారా?
– ఓ విద్యార్థి, తార్నాక

జవాబు: సైకిల్‌కు హెల్మెట్ చట్టంలో తప్పనిసరి కాదు. సెక్షన్ 129 మోటారు సైకిళ్లకే. రాంగ్ సైడులో రావడం, సిగ్నల్ దాటడం మాత్రం మీ తప్పు వాటాగా కోత పెట్టిస్తాయి. రాత్రి వెనక రిఫ్లెక్టర్ లేకపోయినా వాదిస్తారు.

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర లారీ గుద్దింది. ఆస్పత్రికే వచ్చిన ఒకాయన ‘ముందు రూపాయి వద్దు, వచ్చినదాంట్లో 30 శాతం’ అంటూ ఖాళీ కాగితాల మీద సంతకాలు అడుగుతున్నాడు. కేసు కోసం షాద్‌నగర్ తిరగాలా?
– ఓ పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: తిరగక్కర్లేదు. మీరుండే చోటే వేయొచ్చు. మలక్‌పేట కాబట్టి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు ట్రిబ్యునల్. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనలే నిషేధించాయి. ఆ వచ్చినాయన లాయరే కాకపోవచ్చు కూడా. ఫీజు రూపాయల్లో మాట్లాడుకుని రసీదు తీసుకోండి. వకాలత్ (మీ తరఫున వాదించమని లాయర్‌కు ఇచ్చే పత్రం) తప్ప ఖాళీగా ఉన్న దేని మీదా సంతకం వద్దు, వకాలత్‌లో కూడా లాయర్ పేరు రాశాకే. అసలు బిల్లులు ఇచ్చే ముందు జిరాక్సులు తీసి, ఇచ్చినట్టు రాయించుకోండి.

మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా మీకు ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు పిలిస్తే వెళ్లండి, డబ్బు త్వరగా వస్తుంది. కాకపోతే అక్కడ ఒప్పుకున్న మొత్తం మీద అప్పీలు ఉండదు. అందుకని చికిత్స పూర్తయి, వైకల్యం సర్టిఫికెట్ చేతికొచ్చాకే అంకె చెప్పండి. ప్లేట్లు, రాడ్లు తీసే రెండో ఆపరేషన్ మిగిలి ఉంటే దాని అంచనా ఖర్చు డాక్టర్ చేత రాయించి అందులో కలపండి.